ఫిల్టర్ పెట్టిన నాలుగు రోజులకే అన్నీ తెరుచుకుంటున్నాయా? ఐపీ మారే ఇళ్ళలో, పంచుకునే ఐపీల మీద ఏం చేయాలి

"అన్నా, పోయిన ఆదివారం నువ్వు చెప్పినట్టే పెట్టినా, రెండు రోజులు బాగానే ఆపింది, ఇప్పుడు మళ్ళా అన్నీ ఓపెన్ అయితాండాయి."

ఆయన పెట్టింది ఇంట్లో నెట్ మీద వద్దనుకున్న సైట్లను ఆపే ఫిల్టర్. అనంతపురంలో నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. సాయినగర్ వైపు స్టడీ హాల్ నడిపేవాళ్ళు, ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ళవాళ్ళు, ఊరి బయట కాలనీల్లో కేబుల్ నెట్ వాడేవాళ్ళు, అందరిదీ ఇదే మాట. కొందరిది దీనికి రివర్స్: "నేనేమీ బ్లాక్ చేయలేదు, ఫేస్‌బుక్ ఎందుకు రావడం లేదు సార్?" రెండింటికీ మూలం ఒకటే, మీ ఐపీ అడ్రస్, అంటే బయటి నెట్‌కి మీ కనెక్షన్‌ని చూపించే నంబర్. ఒక్కొక్కరికీ ఫోన్‌లో అరగంట చెప్పలేక ఇక్కడ రాస్తున్నా, వరుసగా చేసుకుంటూ పోండి.

థియరీ కొంచెమే చెప్తా. మీరు సైట్ పేరు కొడితే దాని నంబర్ వెతికి చెప్పేదే డీఎన్ఎస్. వద్దన్న పేరుకి అది సరైన జవాబు ఇవ్వకపోతే ఆ సైట్ తెరుచుకోదు, ఈ ఫిల్టర్లన్నీ చేసేది ఇదే. ఓపెన్‌డీఎన్ఎస్ లాంటి సర్వీసులో మీరు అకౌంట్ తెరిచి "నాకు ఈ ఈ సైట్లు వద్దు" అని టిక్కులు పెడతారు. ఆ సర్వీసుకు మీ మొహం తెలియదు, మీ ఇంటి పబ్లిక్ ఐపీ నంబర్ ఒక్కటే తెలుసు. ఆ నంబర్ నుంచి అడిగితే మీ లిస్టు చూసి ఆపుతుంది. మరి ఆ నంబర్ మారిపోతే? మన దగ్గర కరెంటు పోయి వస్తే రౌటర్ మళ్ళీ లేచేటప్పుడు చాలాసార్లు కొత్త నంబర్ తెచ్చుకుంటుంది. మీ లిస్టు పాత నంబర్ దగ్గరే ఉండిపోతుంది, మీరు బాడుగ ఇల్లు మారి పోస్ట్‌మ్యాన్‌కి చెప్పడం మరిచిపోయినట్టు. ఆ పాత నంబర్ ఇంకెవరికో పోతుంది, వాళ్ళు కూడా అదే సర్వీసు వాడుతుంటే మీ టిక్కులు వాళ్ళ నెత్తిన పడతాయి. ఫేస్‌బుక్ రాని సార్ గారి కథ అదే.

రెండో రకం ఇంకా చిక్కు. ఒకే డోర్ నంబర్ మీద పది వాటాలున్న ఇల్లు చూసే ఉంటారు కదా, అలాగ నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది కస్టమర్లకు పంచుతుంది. దీన్ని సీజీనాట్ అంటారు. పాత రకం ఐపీ నంబర్లు ప్రపంచం మొత్తానికీ సుమారు 429 కోట్లే, వాటిలో చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలోనే పంచేశారు, కాబట్టి తప్పు మీ కేబుల్ ఆయనది కాదు, ఊరికే ఆయన మీద అరవకండి. వాటాల ఇంట్లో ఒకరు పోస్ట్‌మ్యాన్‌తో "ఈ డోర్ నంబర్‌కి ఆ పత్రిక వేయొద్దు" అంటే పది వాటాలకీ ఆగిపోతుంది. ఇక్కడా అంతే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రెండూ వేరు, సగం మంది ఇక్కడే ఆగిపోతారు. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, లేకపోతే పెట్టినవాళ్ళనే అడగండి. ఒక కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్, ఒక ఫోన్, ఒక కాగితం, పెన్ను. కాగితం ఎందుకంటే నంబర్లు మూడు రోజులు రాసుకోవాలి, గుర్తుంటుందిలే అనుకుంటే ఉండదు.

అన్నట్టు, కింద కొట్టాల్సిన పేర్లు తెలుగులో రాశాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, నేను ఖాళీ అని చెప్పిన చోట తప్ప మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. డాట్ అంటే చుక్క, హైఫన్ అంటే అడ్డగీత.

1. మీది మారే ఐపీనా, పంచుకునే ఐపీనా తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా సెట్టింగ్స్‌లోకి పోయేవాళ్ళే నాకు మళ్ళీ ఫోన్ చేస్తారు. రౌటర్ పేజీ తెరవండి, బ్రౌజర్‌లో ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1 కొడితే వస్తుంది. స్టేటస్ అనో వ్యాన్ (బయటి నెట్ వచ్చే వైపు) అనో ఉన్న చోట ఒక ఐపీ కనిపిస్తుంది, రాసుకోండి. తర్వాత అదే వైఫై మీద గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికితే వచ్చే సైట్లలో ఒకటి తెరిచి అక్కడ చూపే నంబర్ కూడా పక్కన రాయండి.

రెండూ ఒకటే అయితే మీ ఐపీ మీదే, అది మారుతుందా లేదా అన్నదే ప్రశ్న. రౌటర్ ఆపి ఐదు నిమిషాలు ఆగి వేసి మళ్ళీ చూడండి, రేపు ఎల్లుండి కూడా చూడండి.

రెండూ వేరైతే చాలావరకు పంచుకునే ఐపీ. ముఖ్యంగా రౌటర్‌లో కనిపించేది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే ఇక సందేహమే లేదు, ఆ వరుసను 2012లో ప్రత్యేకంగా ఈ పంపకం కోసమే కేటాయించారు. మొదటి చుక్కకు ముందు 10 మాత్రమే ఉన్నా (103 లాంటివి కాదు), 172.16 నుంచి 172.31 లోపు ఉన్నా, 192.168 అయినా అది లోపలి నంబరే, బయటి నెట్‌లో కనిపించేది కాదు.

ఒక జాగ్రత్త: కొన్ని ఇళ్ళలో ఫైబర్ బాక్స్ ఒకటి, దానికి తగిలించిన సొంత రౌటర్ ఒకటి ఉంటాయి. అప్పుడు సొంత రౌటర్‌లో 192.168 కనిపిస్తే అది మీ ఫైబర్ బాక్స్ ఇచ్చింది, కంపెనీ ఇచ్చింది కాదు. ఫైబర్ బాక్స్ పేజీలోకి పోయి చూడాలి. కమలానగర్‌లో ఒక ఇంట్లో నేనే దీన్ని చూసుకోకుండా "మీది షేర్డ్ ఐపీ" అని గట్టిగా చెప్పి వచ్చి, మరుసటి రోజు నాలుక కరుచుకున్నా.

ఇంకో మాట, ఐపీని పరీక్షించేటప్పుడు ఫోన్‌లో సిమ్ డేటా ఆపేయండి. వైఫై బలహీనంగా ఉంటే ఫోన్ చెప్పకుండానే సిమ్ మీదకి పోతుంది, మీరు రాసుకునేది సిమ్ కంపెనీ ఐపీ అవుతుంది.

2. మారుతుంది కానీ మీ ఒక్కరిదే అయితే

ఇది తేలిక కేసు. మీకు సొంత లిస్టు కావాలంటే, అంటే యూట్యూబ్ వదిలేసి ఇన్‌స్టాగ్రామ్ మాత్రం ఆపాలి లాంటి కోరికలుంటే, ఐపీ మారినప్పుడల్లా సర్వీసుకు చెప్పే మనిషిని ఒకరిని పెట్టాలి. ఆ మనిషే అప్‌డేటర్.

మొదట రౌటర్‌లో డైనమిక్ డీఎన్ఎస్ అనే మెనూ ఉందేమో చూడండి. అందులో డీఎన్ఎస్ ఓ మ్యాటిక్ అనే పేరు కనిపిస్తే అదృష్టం, ఓపెన్‌డీఎన్ఎస్ అకౌంట్‌తోనే అందులో లాగిన్ అయి కలిపేసుకోవచ్చు. రౌటర్ ఎప్పుడూ వేసే ఉంటుంది కాబట్టి ఇదే మంచిది.

ఆ మెనూ లేకపోతే కంప్యూటర్‌లో ఓపెన్‌డీఎన్ఎస్ అప్‌డేటర్ వేసుకోవాలి. ఇంట్లోనే ఉండే కంప్యూటర్‌లో మాత్రమే వేయండి. ల్యాప్‌టాప్‌లో వేస్తే ఏమవుతుందో చెప్తా. పిల్లవాడు ఆ ల్యాప్‌టాప్ తీసుకుని కాలేజీకి పోతాడు, అక్కడ వైఫై పట్టుకోగానే అప్‌డేటర్ బుద్ధిగా కాలేజీ ఐపీని మీ అకౌంట్‌లో రాసేస్తుంది. ఇంట్లో ఫిల్టర్ పోతుంది. సాయంత్రం వాడు ఇంటికొస్తే మళ్ళీ సరిపోతుంది. "పొద్దున ఫిల్టర్ ఉండదు, రాత్రి ఉంటుంది, దయ్యం పట్టిందా" అని ఒకాయన నన్ను వారం రోజులు తిప్పాడు.

రౌటర్‌లో డీఎన్ఎస్ నంబర్లుగా 208.67.222.222, 208.67.220.220 పెట్టాలి. అకౌంట్‌లో టిక్కు మార్చాక కొన్ని నిమిషాలు ఆగండి, వెంటనే పనిచేయలేదని మళ్ళీ మళ్ళీ మార్చకండి.

ఐపీ రిజిస్టర్ చేసేటప్పుడు "ఇది ఇంకొకరి అకౌంట్‌లో ఉంది" అన్న అర్థం వచ్చే మెసేజ్ వస్తే, ఆ నంబర్ అంతకుముందు ఇంకెవరి దగ్గరో ఉండి వాళ్ళు వదల్లేదన్నమాట, లేదా మీది పంచుకునే ఐపీ. ఒకటో మెట్టుకి వెనక్కి పోండి.

3. పంచుకునే ఐపీ అయితే

ఐపీని రిజిస్టర్ చేసే పని పూర్తిగా మానేయండి. అప్‌డేటర్లు, డైనమిక్ డీఎన్ఎస్, ఏదీ ఇక్కడ పనికిరాదు, పైగా పక్క వాటావాళ్ళను ఇబ్బంది పెట్టడమే. మూడు దారులున్నాయి, మొదటిది నూటికి ఎనభై ఇళ్ళకు సరిపోతుందని నా అభిప్రాయం.

మొదటి దారి, అకౌంటే లేని ఫిల్టర్. వీటికి మీ ఐపీ ఏదైనా ఒకటే, ఎవరు అడిగినా అశ్లీల సైట్లు ఆపేస్తాయి. రౌటర్‌లో ఈ జతల్లో ఒకటి పెట్టండి:

క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీ: 1.1.1.3, 1.0.0.3
ఓపెన్‌డీఎన్ఎస్ ఫ్యామిలీషీల్డ్: 208.67.222.123, 208.67.220.123
క్లీన్‌బ్రౌజింగ్ ఫ్యామిలీ: 185.228.168.168, 185.228.169.168

క్లీన్‌బ్రౌజింగ్ కొంచెం గట్టిది, గూగుల్, యూట్యూబ్‌లను సేఫ్ మోడ్‌లో పెడుతుంది, ఫిల్టర్‌ని తప్పించుకునే దారి ఇచ్చే వీపీఎన్ సైట్లను, రెడ్డిట్ లాంటివాటిని కూడా ఆపుతుంది. చిన్న పిల్లలున్న ఇంటికి బాగుంటుంది. స్టడీ హాల్‌కి పెడితే మాత్రం "నాకు కావాల్సిన సైట్ రాలేదు" అని రోజూ పంచాయితీ. అక్కడ క్లౌడ్‌ఫ్లేర్‌ది చాలు. ఈ దారిలో సొంత లిస్టు ఉండదు, వాళ్ళు ఆపిందే ఆగుతుంది. ఆన్‌లైన్ గేమ్స్, ఇన్‌స్టాగ్రామ్ ఆపాలంటే ఇది కాదు.

రెండో దారి, ఐపీకి బదులు మీ పేరుతో గుర్తుపట్టే ఫిల్టర్. నెక్స్ట్‌డీఎన్ఎస్ లాంటివి మీ అకౌంట్‌కి ఆరు అక్షరాల కోడ్ ఇస్తాయి. ఆ కోడ్ పేరులోనే ఉంటుంది కాబట్టి ఏ ఐపీ నుంచి అడిగినా మీ లిస్టే వస్తుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్ ఉంది. నెట్‌వర్క్ లేదా కనెక్షన్స్ మెనూలో వెతకండి, కంపెనీని బట్టి చోటు మారుతుంది, సెట్టింగ్స్ పైన వెతుకుడు పెట్టెలో కొడితే దొరుకుతుంది. అందులో మీ కోడ్, డాట్, డీఎన్ఎస్, డాట్, నెక్స్ట్‌డీఎన్ఎస్, డాట్, ఐఓ అని పెట్టండి. ఈ సెట్టింగ్ సిమ్ డేటా మీద కూడా పనిచేస్తుంది, అదే దీని గొప్ప. అకౌంట్ వద్దు, అశ్లీలం ఆగితే చాలు అనుకుంటే అదే పెట్టెలో ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్ హైఫన్ డీఎన్ఎస్ డాట్ కామ్ అని పెట్టండి. ఐఫోన్‌లో ఇలా పేరు కొట్టే చోటు లేదు, సర్వీసు సైట్ నుంచి ప్రొఫైల్ దించుకుని వేసుకోవాలి.

పేరులో ఒక్క అక్షరం తప్పినా ఆ ఫోన్‌లో నెట్ మొత్తం ఆగిపోవచ్చు. ఆగిపోతే భయపడకండి, పేరు సరిచేయండి, లేదా కాసేపు ఆటోమేటిక్‌లో పెట్టండి.

నెక్స్ట్‌డీఎన్ఎస్ ఉచితంగా వాడేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది. నెలకు 3 లక్షల ప్రశ్నల వరకే ఫిల్టర్ చేస్తుంది, మీ పరికరాలు ఒక సైట్ పేరు అడిగిన ప్రతిసారీ ఒక ప్రశ్న. అది దాటితే నెట్ ఆగదు, ఫిల్టర్ మాత్రం చప్పుడు లేకుండా ఆగిపోతుంది. ముగ్గురున్న ఇంటికి సర్దుకోవచ్చేమో, ముప్పై ఫోన్లున్న స్టడీ హాల్‌లో త్వరగా అయిపోతుంది. నెలాఖరులోనే ఫిల్టర్ పోతోందంటే ఐపీని తిట్టకుండా ముందు ఈ లెక్క చూడండి.

మూడో దారి, డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని ఐపీ తీసుకోవడం. హాస్టల్, ఆఫీసు అయితే ఆలోచించండి, ఇంటికి అవసరం లేదు. అడిగేటప్పుడు "పబ్లిక్ స్టాటిక్ ఐపీ" అని పూర్తిగా అడగండి. ఉత్త స్టాటిక్ అంటే మారని లోపలి నంబర్ ఇచ్చి చేతులు దులుపుకున్న సందర్భం నేను చూశాను. 10తో మొదలయ్యే నంబర్‌కి ఏడాది డబ్బు కట్టేశాక ఏం లాభం.

4. కన్నాలు మూయండి

ఫిల్టర్ సరిగ్గా పెట్టాక కూడా తప్పించుకునే కన్నాలు ఇవి. ఐపీ తప్పు అనుకుని నా దగ్గరికి వచ్చిన వాటిలో చాలావాటికి నిజమైన కారణం ఇక్కడే దొరికింది.

రెండో డీఎన్ఎస్ పెట్టెలో 8.8.8.8 పెట్టడం. మొదటిది 1.1.1.3, "ఎందుకైనా మంచిది" అని రెండోది గూగుల్‌ది. రెండోది మొదటిది చచ్చిపోతేనే వాడతారని అనుకుంటారు, కానీ పరికరాలు ఎప్పుడు దేన్ని అడుగుతాయో మన చేతుల్లో లేదు. ఒకసారి ఆగి ఒకసారి వస్తోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. రెండు పెట్టెల్లోనూ ఒకే జత ఉండాలి.

ఐపీవీ6, అంటే కొత్త రకం ఐపీ నంబర్లు. రౌటర్‌లో పాత రకం డీఎన్ఎస్ మార్చి కొత్త రకాన్ని వదిలేస్తే పరికరాలు ఆ దారిన కంపెనీ డీఎన్ఎస్‌ని అడిగేస్తాయి. రౌటర్ ఐపీవీ6 పేజీలో కూడా మార్చండి. క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీ వాడితే 2606:4700:4700::1113, 2606:4700:4700::1003. ఓపెన్‌డీఎన్ఎస్‌లో సొంత లిస్టు పెట్టుకున్నవాళ్ళకి ఐపీవీ6 మీద ఆ లిస్టు పనిచేయదు, వాళ్ళు రౌటర్‌లో ఐపీవీ6 ఆపేయడమే సులువు.

బ్రౌజర్ సొంత తెలివి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దాని లోపల సెక్యూరిటీ, అక్కడ యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్ అని ఉంటుంది. అందులో వేరే సర్వీసు ఎంచుకుని ఉంటే మీ రౌటర్ మాట వినదు. ఆపేయండి, లేదా ఫ్యామిలీ సర్వీసునే పెట్టండి.

వీపీఎన్ యాప్‌లు. దీనికి రౌటర్ ఒక్కటే సరిపోదు. చిన్నపిల్లల ఫోన్ అయితే గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టి, మీ అనుమతి లేకుండా యాప్‌లు దించుకోకుండా చేయండి. ఇంటర్ పిల్లలైతే కూర్చోబెట్టి మాట్లాడండి, వాళ్ళకు మనకంటే ఎక్కువ తెలుసు, సెట్టింగ్స్‌తో పందెం వేసుకుంటే మనమే ఓడిపోతాం.

కంపెనీ ఇచ్చిన బాక్స్‌లో డీఎన్ఎస్ మార్చనివ్వకపోతే చిన్న రౌటర్ ఒకటి కొని, బాక్స్ నుంచి వచ్చే వైరుని దాని వ్యాన్ పోర్టుకి తగిలించి అందులో మార్చుకోండి. తర్వాత పాత బాక్స్ వైఫై ఆపేయడం మరిచిపోకండి. మరిచిపోతే అందరూ హాయిగా పాత వైఫై మీదే ఉంటారు.

5. పనిచేస్తోందో లేదో ఇలా చూడండి

ఆపాల్సిన సైట్ తెరిచి చూడటం కాదు, పిల్లల ముందు అది బాగుండదు కూడా. దీనికోసమే పెట్టిన పరీక్ష పేర్లున్నాయి.

క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీకి న్యూడిటీ డాట్ టెస్ట్‌క్యాటగిరీ డాట్ కామ్. ఇందులో చెడ్డదేమీ ఉండదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి ఆ పేరు కొట్టండి. జవాబులో 0.0.0.0 వస్తే ఫిల్టర్ ఉన్నట్టు, వేరే నంబర్ వస్తే లేనట్టు. ఫ్యామిలీషీల్డ్‌కి ఎగ్జాంపుల్ అడల్ట్ సైట్ డాట్ కామ్, పదాలన్నీ కలిపి బ్రౌజర్‌లో కొడితే ఆపిన పేజీ కనిపించాలి. నెక్స్ట్‌డీఎన్ఎస్‌కి టెస్ట్ డాట్ నెక్స్ట్‌డీఎన్ఎస్ డాట్ ఐఓ, అందులో స్టేటస్ దగ్గర ఓకే అని, ప్రొఫైల్ దగ్గర ఒక కోడ్ కనిపించాలి, అది మీ ఆరు అక్షరాల కోడ్‌లా ఉండకపోవచ్చు.

పరీక్షకు ముందు పాత జవాబులు తుడిచేయాలి, లేకపోతే నిన్నటి జవాబే చూసి మోసపోతారు. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్, ఖాళీ, ముందుకు వాలిన గీత, ఫ్లష్‌డీఎన్ఎస్. ఫోన్‌లో ఒకసారి ఏరోప్లేన్ మోడ్ వేసి తీసేయండి, బ్రౌజర్ పూర్తిగా మూసి తెరవండి.

ఇప్పుడు అసలు పరీక్ష. రౌటర్ స్విచ్ ఆపి పది నిమిషాలు ఆగండి. వేశాక ఐపీ మారిందో లేదో చూసి రాసుకోండి. ఐపీ మారాక కూడా ఆ పరీక్ష పేరు ఆగితేనే మీరు గెలిచినట్టు. ఐపీ మారకపోతే పరీక్ష అవ్వనట్టే, మర్నాడు మళ్ళీ చూడండి. పెట్టిన రోజు పనిచేసింది కదా అని వదిలేసినాయనే పైన మొదట్లో నాకు ఫోన్ చేసినాయన.

కంప్యూటర్‌లో ఆగి ఫోన్‌లో రావడం, లేదా ఒక ఫోన్‌లో ఆగి ఇంకో ఫోన్‌లో రావడం జరిగితే ఐపీ సమస్య కానే కాదు, చాలావరకు ఆ పరికరంలోనే నాలుగో మెట్టు కన్నం ఏదో తెరిచి ఉంటుంది. అన్నింటిలోనూ ఒకేసారి తెరుచుకుంటే రౌటర్ లేదా ఐపీ. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

అన్నీ చేశాక కూడా ఆగకపోతే నన్ను అడగండి. కానీ "రావడం లేదన్నా" అని ఒక్క ముక్క చెప్పి వదిలేయకండి. రౌటర్‌లో కనిపించిన ఐపీ, సైట్‌లో కనిపించిన ఐపీ, రెండు డీఎన్ఎస్ పెట్టెల్లో ఏమున్నాయి, ఎన్ఎస్‌లుకప్ జవాబు, ఈ నాలుగూ ఆ కాగితం మీద రాసి దగ్గర పెట్టుకుని అప్పుడు ఫోన్ చేయండి. రాత్రి పదకొండు తర్వాత మాత్రం వద్దు.